రేకుకు అతుకు, కాయకు గంటు

ఈ మధ్య కంప్యూటర్లో బొమ్మలు కదిలించే పని నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అని అడుగుతున్నారు. సార్ అనగానే నేను వెనక్కి తిరిగి చూస్తాను, నా వెనక ఎవరైనా పెద్దమనిషి నిలబడ్డాడేమోనని. ఏడో తరగతి రెండేళ్ళు చదివినవాణ్ణి నేను. రెండో ఏడు కూడా అవే పాఠాలు చెప్పారని విసుగొచ్చి బడి మానేశాను. అలాంటివాణ్ణి పట్టుకుని సార్ అంటుంటే, బడి మీద ఇన్నాళ్ళుగా దాచుకున్న కోపం కూడా చల్లారిపోతోంది.

సరే, అడిగారు కాబట్టి చెబుతాను. పోయిన వేసవిలో కంప్యూటరు ముందు నుంచి లేచేదాకా నేను చేసిన పనుల్లో గొప్పవి చాలానే ఉన్నాయి. అవి చెబితే మీరు నమ్మరు. అందుకని ఒక తప్పు సంగతి చెబుతాను. దాన్నీ ఇంతవరకు ఎవరూ సరిగ్గా నమ్మలేదు. మీ ఓపిక.

బడి మానేశాక నేను చేరింది నూజివీడు బస్టాండు దగ్గర బోర్డులు రాసే కొట్టులో. మా మేస్త్రీ చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గరుకు. "అక్షరం వంకరగా ఉంటే ఫరవాలేదురా, నువ్వు వంకరగా నవ్వుతూ రాస్తున్నావు చూడు, దానికి వాయిస్తాను" అనేవాడు. మామూలు రోజుల్లో కిరాణా కొట్ల బోర్డులు, గోడల మీద ఎరువుల ప్రకటనలు. వేసవి వచ్చిందంటే మాత్రం మామిడి పెట్టెల గుర్తులు. అప్పట్లో కాయలు చెక్క పెట్టెల్లో పోయేవి. ఒక్కో వర్తకుడికి ఒక్కో గుర్తు. పలచని రేకులో ఆ గుర్తు ఆకారం కత్తిరించి తీసేస్తే అది అచ్చురేకు అవుతుంది. దాన్ని పెట్టె మీద ఆనించి రంగు అద్దితే, రేకు ఉన్నచోట రంగు ఆగిపోతుంది, ఖాళీ ఉన్నచోట బొమ్మ పడుతుంది. మీరిప్పుడు మాస్క్ అంటారు చూడండి, అదే. మాకు రేకు కోసుకుని వేళ్ళు కూడా తెగేవి, అదొక్కటే తేడా.

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం పెద్ద షావుకారు గారు కొట్టుకి వచ్చారు. కొత్తగా ఉత్తరాదికి సరుకు పంపడం మొదలుపెట్టారు. "మామిడికాయ బొమ్మ ఉండాలి, కింద మా పేరు ఉండాలి, సాయంత్రం లారీకి అందాలి" అన్నారు. మేస్త్రీ ఆగిరిపల్లిలో గోడ రాయడానికి వెళ్ళాడు. కొట్టులో ఉన్నది నేనూ, నా తోటి కుర్రాడూ. నూనె డబ్బా రేకు చాపు చేసి, బొగ్గుతో కాయ గీసి, కత్తెర పట్టుకున్నాను. కాయ దాదాపు పూర్తయింది. ఆ సమయంలో పక్కవాడికి మేస్త్రీ గురించి ఒక జోకు చెప్పాను. వాడు నవ్వలేదు. నేను నవ్వాను. కత్తెర జారింది.

రేకులో కాయ అంచు నుంచి బయటికి రెండు వేళ్ళ పొడుగున చీలిక పడింది. ఆ చీలికలోంచి రంగు కారితే మామిడికాయకి తోక వస్తుంది. ఇంకో రేకు చాపు చేసే టైము లేదు. పరిగెత్తుకుంటూ బిందెలకి మాట్లు వేసేవాడి దగ్గరికి వెళ్ళి, చీలిక మీద గుండ్రంగా ఒక రేకు ముక్క అతికించమన్నాను. అతను శ్రద్ధగా అతికించాడు. ఎంత శ్రద్ధగా అంటే, చీలిక మొత్తం మూసి, ఇంకొంచెం గట్టిగా ఉండాలని ముక్కని కాయ ఖాళీలోకి కూడా జరిపాడు. లారీ డ్రైవరు హారను మీద నుంచి చెయ్యి తీయడం లేదు. మొదటి పెట్టె మీద రంగు అద్ది రేకు ఎత్తి చూస్తే, కాయకి పక్కన అర్ధచంద్రంలా గంటు. ఎవరో కొరికి పెట్టినట్టుంది. రేకుకు అతుకు వేస్తే కాయకు గంటు పడింది. ఒకచోట కలిపితే ఇంకోచోట తీసివేత అవుతుందని ఆ రోజే నాకు తెలిసింది. లెక్కల మేష్టారు అంతకు ముందు రెండేళ్ళపాటు చెప్పి ఉంటారు, నేను వినలేదు.

లారీ వెళ్ళిపోయింది. వారం రోజులు నేను పెద్ద షావుకారు గారి సైకిలు కనిపిస్తే బోర్డుల వెనక్కి దూరేవాణ్ణి. ఎనిమిదో రోజు ఆయన నేరుగా మేస్త్రీ దగ్గరికి వచ్చి, "ఉత్తరాదిలో మన కాయ బాగుందన్నారయ్యా. ఆ కొరికిన కాయ బొమ్మ పెట్టెలే కావాలంటున్నారు. ఇంకో రెండు రేకులు చెయ్యి. గంటు కూడా అచ్చం అలాగే ఉండాలి" అన్నారు. మేస్త్రీ అది షావుకారి ముచ్చట అనుకున్నాడు. షావుకారు అది మేస్త్రీ పనితనం అనుకున్నారు. నేను మధ్యలో కూర్చుని, తల ఎత్తకుండా, చాలా బుద్ధిమంతుడిలా రంగు కలిపాను.

తరవాత ఫ్లెక్సీలు వచ్చాయి. మా కుంచెలు ఎండిపోయాయి. మేస్త్రీ పోయాడు. నేను నడివయసులో, ఎరువుల కొట్టు మేడ మీద ఉన్న ఒక చిన్న స్టూడియోలో చేరాను. పెళ్ళి వీడియోలకి టైటిల్సూ, ఫంక్షన్లలో ఎల్‌ఈడీ తెరల మీద కదిలే బొమ్మలూ చేసే చోటది. నడిపేది ఒక అమ్మాయి. విజయవాడలో పని నేర్చుకుని వచ్చింది. నన్ను బాబాయ్ అనేది, నేను అమ్మాయ్ అనేవాణ్ణి. జీతం ఇచ్చేది తనే కాబట్టి అప్పుడప్పుడు అమ్మాయి గారూ అనేవాణ్ణి.

తను నాకు నేర్పిన మొదటి విద్య స్ప్లైన్. మీకు తెలుసు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తెర మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే వాటి మధ్య గీత పడుతుంది. ఒక్కో చుక్కకి అటూ ఇటూ మీసాల్లాంటి పిడులు ఉంటాయి. మీసం పట్టుకుని లాగితే గీత వంగుతుంది. అలా గీసిన రెండు ఆకారాల్ని యూనియన్ అంటే ఒకటైపోతాయి. సబ్‌ట్రాక్ట్ అంటే ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని కోయవచ్చు. వేళ్ళు తెగవు. ఇది చూసిన రోజు నాకు మేస్త్రీ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. చూసి ఉంటే ఆయన కూడా ఒక చక్కని బూతుతో ఆనందించేవాడు.

"బాబాయ్, లిస్టులో పైనున్నది మిగులుద్ది, కిందున్నది దాన్ని కోసుద్ది. తిరగేశావా, మొత్తం తిరగబడుద్ది" అని రోజూ చెప్పేది. నేను రోజూ తిరగేసేవాణ్ణి. ఒకసారి పెళ్ళి టైటిలుకి గుండె బొమ్మలోంచి గుండె బొమ్మ తీశాను. తెర ఖాళీ అయిపోయింది.

"గుండె ఏది బాబాయ్?"

"ఇప్పటిదాకా ఇక్కడే ఉందమ్మాయ్."

"రెండూ ఒకే సైజు పెట్టి ఒకదాన్లోంచి ఒకటి తీస్తే ఏం మిగులుద్ది? బళ్ళో చెప్పలా?"

"ఆ రోజు నేను రాలేదు."

"రెండేళ్ళు చదివావుగా అదే క్లాసు!"

"రెండో ఏడు కూడా ఆ రోజే రాలేదు."

ఇలా సాగుతూ ఉండగా ఒక వేసవి మొదట్లో చిన్న షావుకారు గారు మేడ మెట్లెక్కి వచ్చారు. పెద్దాయన కొడుకు. చిన్న అంటే యాభై దాటిన చిన్న. ఆ ఏడు కొత్త షెడ్డు వేశారు. మొదటి లోడు పూజ రోజున షెడ్డులో ఎల్‌ఈడీ తెర పెట్టించి, తమ గుర్తు కదులుతూ కనిపించేలా చేయించాలని ఆయన కోరిక. మామిడికాయ గిర్రున తిరగాలి, కింద పేరు మెరవాలి, చివర తన ఫొటో రావాలి.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆ రోజు నాకు తెలియదు, మీకైనా తెలియాలి. ఉత్తరాదిలో ఆయన సరుకంతా కొనేది ఒకే ఒక సేఠ్. ముందు ఏడు ఎవరో దొంగ వ్యాపారి ఇదే పేరుతో, ఇదే బొమ్మతో పెట్టెలు కొట్టించి, మందుతో మాగేసిన పుల్లటి కాయలు ఆ సేఠ్‌కి అంటగట్టాడు. ఆ దొంగవాడు గంటుని అచ్చు పొరపాటు అనుకుని, పాపం, సరిచేసి నిండు కాయ వేయించాడు. సేఠ్ మనుషులకి తెలుగు రాదు. "గంటు ఉంటే అసలుది, నిండుగా ఉంటే నకిలీ" అని వాళ్ళకి అదొక్కటే గుర్తు. ఈ ఏడు సరుకు తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి సేఠ్ స్వయంగా పూజకి వస్తున్నాడు. ఆయన వద్దంటే షావుకారు గారు మాట ఇచ్చిన తోటలన్నిటి కాయలూ చెట్ల మీదే పండాలి.

ఇదేమీ తెలియని నేను బొమ్మ గీయడానికి కూర్చున్నాను. అమ్మాయి ఆ రోజు జి. కొండూరులో బంధువుల ఇంటికి వెళ్ళింది. అట్టపెట్టె మీది గుర్తు ఫొటో తీసి, చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ వచ్చాను. గంటు దగ్గర చెయ్యి ఆగింది. ముప్పై ఏళ్ళకి పైగా ఆ గంటు లారీలెక్కి ఊళ్ళు తిరుగుతోంది. నూజివీడులో నాకు ఏ అట్టపెట్టె ఎదురైనా అది నన్ను చూసి ఇకిలిస్తున్నట్టే ఉండేది. ఇప్పుడు నా చేతిలో యూనియన్ ఉంది. గంటు మీద గుండ్రంగా ఒక ముక్క గీశాను. కాయనీ ముక్కనీ కలిపాను. గీత నున్నగా అయిపోయింది. ముందు గీసిన ఆకారాలు రెండూ చెత్తబుట్టలో వేసి, బుట్ట కూడా ఖాళీ చేశాను. నిండు కాయ! ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వీడియో షావుకారు గారి ఫోనుకి పంపాము. చూశారా, చూశారు. నాలుగుసార్లు చూశారు. "మీసం తెల్లగా కనపడతంది, నల్లగా చెయ్యండి" అన్నారు. చేశాము. "కొంచెం ఎక్కువ నలుపైంది" అన్నారు. తగ్గించాము. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి గుర్తుపెట్టుకోండి. బొమ్మ ఎన్ని సెకన్లున్నా కస్టమరు చూసేది చివర తన ఫొటో వచ్చే మూడు సెకన్లే.

పూజ రోజు పొద్దున్నే షెడ్డు నిండా జనం. తోటలవాళ్ళు, కోతకొచ్చే ఆడవాళ్ళు, పెట్టెలు సర్దేవాళ్ళు. లారీకి రెండు పక్కలా అరటి పిలకలు కట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందు వరుసలో సేఠ్, ఆయన పక్కన మాట తిప్పి చెప్పడానికి షావుకారు గారి గుమాస్తా. హనుమాన్ జంక్షన్ నుంచి తెర తెచ్చిన ఆపరేటరు, "ఎవరూ తెర ముట్టుకోవద్దు" అని అప్పటికి పదోసారి అరుస్తున్నాడు. అమ్మాయి లాప్‌టాప్‌లో మీట నొక్కింది. బాజా మోగింది. కాయ గిర్రున తిరుగుతూ వచ్చి, తెర మధ్యలో ఆగింది. బంగారంలా మెరిసింది. నేను చేతులు కట్టుకుని చప్పట్ల కోసం ఎదురు చూశాను.

చప్పట్లు రాలేదు. సేఠ్ లేచి నిలబడ్డాడు. "యే తో నక్లీ వాలా హై" అన్నాడు.

షావుకారు గారి ముఖం చూశాను. రంగేసిన మీసం తప్ప అంతా తెల్లబడింది.

గుమాస్తా లారీ దగ్గరికి పరిగెత్తి ఒక అట్టపెట్టె తెచ్చి చూపించాడు. దాని మీద గంటు ఉంది. అది చూసి సేఠ్ ఇంకా ముడుచుకున్నాడు. హిందీలో గడగడా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడయ్యా?" అన్నారు షావుకారు గారు.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "పెట్టె మీద గంటుందంట, తెర మీద లేదంట. మన దగ్గర రెండు బొమ్మలూ ఉన్నాయంటే, పోయినేడు నకిలీ పెట్టెలు కూడా మనవేనేమో అంటన్నాడండీ."

అప్పుడు షావుకారు గారు నా వైపు తిరిగారు. "ఏమయ్యా, కాయకి గంటు ఏదయ్యా?"

"పూడ్చానండీ."

"ఎవరు పూడ్చమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. నిండుగా ఉంటే బాగుంటుందని..."

"మా నాన్నగారు పెట్టిన గుర్తుని బాగు చేసేంత మొనగాడివా నువ్వు?"

ఆ గుర్తు పెట్టిన మొనగాణ్ణి కూడా నేనే అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది చెప్పే సమయం కాదని నాకు కూడా తెలిసిందంటే పరిస్థితి ఎంత బరువుగా ఉందో ఊహించుకోండి. అమ్మాయి నా మోచెయ్యి గిల్లి, "యూనియన్ కొట్టావా? పాత షేపులు దాచావా?" అని అడిగింది. చెత్తబుట్ట సంగతి చెప్పాను. గిల్లుడు గట్టిపడింది.

సేఠ్ కారు వైపు నాలుగడుగులు వేశాడు. షావుకారు గారు అడ్డం వెళ్ళి, కంప్యూటరు పనివాడి తెలివితక్కువతనమని, తనకేమీ తెలియదని చేతులు పట్టుకుని చెప్పారు. సేఠ్ ఒక మాట అన్నాడు. గుమాస్తా తిప్పి చెప్పాడు. "ఇది నిజంగా ఈయన తెలివితక్కువ పనే అయితే, ఈయన్నే తన కళ్ళ ముందు సరిచెయ్యమంటన్నాడండీ. కొబ్బరికాయ కొట్టే లోపల."

అలా నా జీవితంలో మొదటిసారి నా తెలివితక్కువతనం నిరూపించుకోవడం మీద ఒక సీజను వ్యాపారం ఆధారపడింది.

లాప్‌టాప్‌లో ఏం చేస్తే తెర మీద అదే కనపడేలా ఉంది అమరిక. మార్చమంటే ఆపరేటరు, "మారిస్తే మళ్ళీ రాకపోవచ్చండీ" అన్నాడు. దాంతో నేను మౌసు పట్టుకోగానే షెడ్డంత ఎత్తున బాణం గుర్తు గజగజ వణికింది. మూడొందల కళ్ళు దాని వెంటే.

గబగబా ఒక గుండ్రం గీసి, కాయ పక్కకి తెచ్చి, సబ్‌ట్రాక్ట్ కొట్టాను. కాయ మాయమైంది. తెర మధ్యలో చిన్న వంకర ముక్క మిగిలింది. లిస్టులో గుండ్రం పైకి, కాయ కిందికి వెళ్ళాయి. కాయే గుండ్రాన్ని కోసేసింది.

వెనక నుంచి ఒక ముసలి రైతు, "ఇదేందిరా, జీడిపప్పు!" అన్నాడు.

"షావుకారు గారు జీడిపప్పు వ్యాపారంలోకి దిగారంట" అన్నాడు పక్కవాడు.

"మరి పూజకి మమ్మల్నెందుకు పిలిచారు? జీడితోటలోళ్ళని పిలవాల్సింది."

అమ్మాయి పళ్ళ బిగువున, "తిరగేశావు బాబాయ్" అంది. వెనక్కి తీసుకున్నాను. ఈసారి గుండ్రం చేత్తో గీద్దామనుకున్నాను, అచ్చురేకు మీది గంటులా కాస్త మోటుగా వస్తుందని. తొందరలో చుక్కలు ఎక్కువ పడ్డాయి. కోత పడింది, కాయ మిగిలింది, కానీ గంటు అంచు పొడుగునా చిన్న చిన్న వంపులు. అచ్చం పళ్ళ గాట్లు.

కోతకొచ్చే ఆడవాళ్ళలో ఒక పెద్దావిడ బుగ్గన చెయ్యేసుకుంది. "ఓయమ్మో! దేవుడి ముందు ఎంగిలి కాయ పెట్టారే!"

"ముందు పన్ను ఒకటి లేదు చూడవే, ఎవరో ముసలోడు కొరికినట్టున్నాడు" అంది ఇంకొకామె.

పురోహితుడు గారు కొబ్బరికాయ కింద పెట్టేసి, "అది తీసేదాకా మంత్రం చదవను" అన్నారు. తీసేశాను. మళ్ళీ నిండు కాయ వచ్చేసరికి సేఠ్ గడియారం చూసుకున్నాడు. ఈలోగా జనానికి పని మీద పట్టు చిక్కింది. గంటు తొడిమకి కుడి పక్కన ఉండాలని సగం మంది, ఎడం పక్కనని సగం మంది. "అసలది బంగినపల్లి కాదు, చిన్నరసం ఆకారం" అని మరొకరు. "కిందికి లాగండి! అబ్బ, అంత కాదు!" అని లారీ మీద నుంచి డ్రైవరు. ముప్పై ఏళ్ళు పెట్టెల మీద చూసిన గుర్తు, ఒక్కరికీ ఏ పక్కనో తెలియదు. నాకు తెలుసు. కానీ ఆ సమయంలో నాకు నా కుడి చెయ్యి ఏదో కూడా తెలియడం లేదు.

అమ్మాయి నా చేతిలోంచి మౌసు తీసుకోలేదు. తీసుకుంటే సేఠ్ ఒప్పుకోడు. గుమాస్తా చేతిలోని అట్టపెట్టెని వెలుతురులో పెట్టించి ఫోనుతో ఫొటో తీసి, నాచేత తెర మీద కాయ కింద నమూనాగా వేయించింది. "బాబాయ్, జనాన్ని చూడకు. సేఠ్‌ని చూడకు. రేకు మీద కోస్తున్నానుకో. ఎన్ని చుక్కలు కావాలి?"

"మూడు."

"మూడే పెట్టు."

మూడు పెట్టాను. మధ్య చుక్క మీసం పట్టుకుని మెల్లగా లాగాను. మాట్లు వేసేవాడు అతికించిన ఆ ముక్క నాకు కళ్ళకి కట్టినట్టు కనపడింది. పైన కొంచెం బల్లపరుపుగా, కింద గుండ్రంగా ఉండేది. అలాగే వంచాను. అమ్మాయి లిస్టులో కాయని నాచేత పైకి లాగించి, వేలు ఎత్తి, "ఇప్పుడు" అంది.

గంటు పడింది. పెట్టె మీద ఉన్నది ఉన్నట్టు, షెడ్డంత ఎత్తున.

సేఠ్ పెట్టెని చేతిలోకి తీసుకుని తెర దగ్గరికి నడిచాడు. పెట్టె మీది గంటునీ, తెర మీది గంటునీ మార్చి మార్చి చూశాడు. వేలితో గంటు అంచు తడమబోయాడు. "ముట్టుకోవద్దు!" అని ఆపరేటరు అరిచిన అరుపుకి ఉలిక్కిపడి, ఆ ఊపులో నవ్వేశాడు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని తల ఊపాడు. గుమాస్తా తిప్పి చెప్పాల్సిన అవసరం రాలేదు. పురోహితుడు గారు కొబ్బరికాయ కొట్టారు, లారీ నిమ్మకాయలు తొక్కుకుంటూ బయల్దేరింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ప్రాణం కుదుటపడ్డ సేఠ్‌కి సందేహం వచ్చింది. ఇంతకీ ఈ గంటుకి అర్థమేంటని అడిగాడు. షావుకారు గారు మైకు అందుకున్నారు. ఆయన గొంతులో అప్పటికే సంతోషం ఎక్కువైంది.

"మా నాన్నగారు ఒక మాట అనేవారండీ. కాయంతా మనమే తినకూడదు, ఒక ముక్క రైతుకి వదలాలి అని. ఆ వదిలిన ముక్కే ఈ గంటు."

తోటలవాళ్ళు గట్టిగా చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఆ ముసలి రైతే, "ఆ ముక్క ఎప్పుడిస్తారండీ?" అని అడిగాడు. షావుకారు గారికి అది వినపడలేదు. వినపడనట్టు ఆయన చాలా కష్టపడ్డారు.

తరవాత మైకు నా చేతికి వచ్చింది. ఇంత చెమట పట్టించినవాడు నాలుగు ముక్కలు మాట్లాడాలట. ముప్పై ఏళ్ళకి పైగా కడుపులో ఉన్నది ఇక ఆగలేదు. చెప్పేశాను. నూనె డబ్బా రేకు, మేస్త్రీ మీద జోకు, జారిన కత్తెర, అతికించిన ముక్క, హారను కొట్టిన డ్రైవరు, బోర్డుల వెనక దాక్కున్న వారం, అన్నీ. "ఈ గంటు పెద్ద షావుకారు గారి మాటా కాదు, మా మేస్త్రీ పనితనమూ కాదండీ. నా తప్పు" అన్నాను.

షెడ్డు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. షావుకారు గారు కళ్ళు తుడుచుకుంటూ, "ఆపవయ్యా, పొట్ట నొప్పెడుతోంది! చూశారా, ఈయనెప్పుడూ ఇంతే" అని నా భుజం మీద శాలువా కప్పారు. నేనేమన్నానని సేఠ్ గుమాస్తాని అడిగాడు. "జోక్ హై, సేఠ్‌జీ" అన్నాడు గుమాస్తా. సేఠ్ కూడా మర్యాదగా నవ్వాడు.

జీవితమంతా నేను అబద్ధాలు చెబితే నమ్మారు, నిజం చెబితే శాలువా కప్పారు. మీలో ఎవరికైనా నాలాగా నోటి దురద ఉంటే, ముఖ్యమైన నిజాలు ముందే కాగితం మీద రాసి ఎవరికైనా ఇచ్చి ఉంచండి.

తిరిగి వస్తుంటే అమ్మాయి స్కూటరు మామూలుకన్నా వేగంగా నడిపింది. నేనే, "ఏంటమ్మాయ్, కోపమా?" అన్నాను. "మాట్లు వేసేవాడు ఆ ముక్కకి ఎంత తీసుకున్నాడు బాబాయ్?" అని అడిగింది. గుర్తు లేదన్నాను.

పోయిన వేసవిలో నా కళ్ళు ఇక తెర ముందు ఆగలేమన్నాయి. పని మానేసేటప్పుడు నా ఫైళ్ళన్నీ అమ్మాయికి అప్పగిస్తూ ఒక్కొక్కటే తెరిచి చూపిస్తున్నాను. షావుకారు గారి ఫైలు వచ్చింది. ఆ పూజ తరవాత దాన్ని నేను తెరవలేదు. ప్రతి ఏడూ తనే చూసుకుంటోంది. మేమెప్పుడూ ఆకారాలకి పేర్లు పెట్టేవాళ్ళం కాదు, షేప్ ఒకటి, షేప్ రెండు అని కంప్యూటరు పెట్టినవే ఉండేవి. ఇందులో మాత్రం పైన 'కాయ' అని ఉంది. దాని కింద, కోసే ఆకారం పక్కన తెలుగులో రాసి ఉంది: 'బాబాయ్ తప్పు. ముట్టుకోవద్దు.'

అమ్మాయి అవతల టీ పోస్తోంది, నా వైపు చూడలేదు. ఆ పేరు పక్కన చిన్న తాళం బొమ్మ ఉంది. నేను మౌసుతో పట్టుకుని, కొంచెం పక్కకి లాగి చూశాను. కదల్లేదు.